పక్క రాజ్యంతో వియ్యం: ఫాంటసీ కథలో రాజకుటుంబాల చుట్టరికాలు అల్లుకోవడం ఎలా

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. ఇవతల మేము ఒడిశా. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పెళ్ళిళ్ళలో రెండూ. నా చిన్నప్పుడు మా అక్కకి మేనబావతో సంబంధం కుదిరిందని విని పక్కింటి ఒడియా పెద్దావిడ నిజంగా బాధపడిపోయింది, “అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేమిటమ్మా” అని మా అమ్మని పట్టుకుని అడిగింది. మా అమ్మకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. సొంత మేనల్లుడు ఉండగా బయటి సంబంధం చూస్తే పుట్టింటివాళ్ళు జన్మలో గడప తొక్కరని ఆవిడ భయం ఆవిడది. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ తమ ఇంటి ధర్మమే చెబుతున్నారు, ఒకే గోడకి అటూ ఇటూ ఉండి ఒకే పెళ్ళిని ఒకరు పాపం అనుకుంటే ఇంకొకరు హక్కు అనుకుంటున్నారు.

ఫాంటసీ రాసేవాళ్ళకి ఇంతకంటే మంచి ముడిసరుకు ఇంకోటి లేదని నా నమ్మకం. కానీ మన కథల్లో ఎక్కువగా జరిగేదేమిటంటే, యుద్ధం అయిపోయింది, ఓడిన రాజు కూతుర్నిచ్చాడు, రెండు రాజ్యాలూ కలిసిపోయాయి, అంతే. ఆ అమ్మాయి ఎవరికి ఏమవుతుంది, ఎవర్ని ఏమని పిలుస్తుంది, ఆమె కొడుక్కి పిల్లనిచ్చేది ఎవరు, ఇవేవీ ఉండవు. అవి లేకపోతే ఆ పెళ్ళి కాగితం మీది సంతకంలాగే మిగిలిపోతుంది. నేను చుట్టరికాలు అల్లుకునే పద్ధతి ఇక్కడ వరసగా చెబుతాను, ఉదాహరణకి రెండు కల్పిత రాజ్యాలు తీసుకుందాం: కొండసీమ, దాన్ని ఏలేది పులికొండ వారు, తీరసీమ, దాన్ని ఏలేది రేవుకోట వారు.

మొదట వరసలు, తర్వాతే మ్యాపు

కొత్త నోటుబుక్కు తీసి ఒక పేజీ కొండసీమకి, ఒక పేజీ తీరసీమకి ఇవ్వండి. ఒక్కో పేజీలో కనీసం పదిహేను చుట్టరికాల మాటలు రాయండి. తల్లి అన్న, తండ్రి చెల్లెలు, పెద్దమ్మ కొడుకు, అన్న భార్య, మొగుడి తమ్ముడు, కోడలి తండ్రి, ఇలా. పక్కన ఒక్కోదానికీ మూడు ప్రశ్నలు: ఏమని పిలుస్తారు, పెళ్ళి చేసుకోవచ్చా, ఎదురుగా కూర్చోవచ్చా.

మన తెలుగే చూడండి. మేనమామనీ మామ అంటాం, భార్య తండ్రినీ మామ అంటాం. మేనత్తా అత్తే, భర్త తల్లీ అత్తే. భాషే ముందుగా పెళ్ళి కుదిర్చేసి పెట్టింది. పెద్దమ్మ కొడుకూ పెదనాన్న కొడుకూ అన్నలు, మేనమామ కొడుకూ మేనత్త కొడుకూ బావలు. అదే ఒడియాలో మేనమామ కూతుర్ని ‘మాము ఝిఅ భఉణీ’ అంటారు, అంటే మేనమామ కూతురైన చెల్లెలు. చెల్లెలన్న మాట ఆ పిలుపులోనే ఉంది, ఇక పెళ్ళి ఊసెక్కడ. ఒడిశాలో అన్ని కులాలకీ ఒకటే ఆచారం అనను, కానీ మా పక్కింటి పెద్దావిడ బాధకి మూలం ఆ మాటే.

కాబట్టి రెండు రాజ్యాలకీ ఒకే పట్టిక రాయకండి. తీరసీమలో మేనరికం హక్కు, కొండసీమలో అది తోబుట్టువుల మధ్య పెళ్ళి అనుకోండి. ఇప్పుడు రేవుకోట ఆడపడుచు నీలాంబని పులికొండ యువరాజుకి ఇచ్చారు. ఇరవై ఏళ్ళు గడిచాయి. నీలాంబ అన్న తన కూతుర్ని చెల్లెలి కొడుక్కి ఇస్తానని పసుపు బట్టలతో మనుషుల్ని పంపాడు, అతని దృష్టిలో అది అడగడం కూడా కాదు, రావాల్సింది రావడం. పులికొండ సభలో పెద్దలు చెవులు మూసుకున్నారు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, ఎవరూ అబద్ధం ఆడలేదు, అయినా రెండు రాజ్యాల మధ్య నెత్తురు పారే అవమానం జరిగిపోయింది. నీలాంబ మధ్యలో నిలబడి ఉంది, పుట్టింటి మాట అర్థమయ్యేదీ ఆమెకే, అత్తింటి భయం అర్థమయ్యేదీ ఆమెకే. ఇలాంటి ఒక్క సీన్ వంద పేజీల రాజనీతి కంటే ఎక్కువ పని చేస్తుంది.

వంశవృక్షం అమ్మమ్మ దగ్గర మొదలుపెట్టండి

అందరూ మూలపురుషుడి దగ్గర మొదలుపెట్టి కొడుకు, మనవడు అని కిందికి గీసుకుంటూ పోతారు, ఆడవాళ్ళు పక్కన ‘భార్య’ అనే మాటగా మిగిలిపోతారు. పెళ్ళిళ్ళ కథకి అది పనికిరాదు. నేను చేసేది, ఆడపిల్లలు ఏ ఇంటినుంచి ఏ ఇంటికి వెళ్ళారో ఎర్ర గీతతో గీయడం, మూడు తరాలు తగ్గకుండా. ఎర్ర గీతలు రెండు ఇళ్ళ మధ్య అటూ ఇటూ ఎక్కువగా కనిపిస్తే మీ వియ్యం బలంగా ఉన్నట్టు, ఒకవైపే పోతుంటే ఒక ఇల్లు ఎప్పుడూ పిల్లనిచ్చే ఇల్లుగా, రెండోది ఎప్పుడూ పుచ్చుకునే ఇల్లుగా అయిపోయినట్టు. మగపెళ్ళివారి బెట్టు మనకి తెలిసిందే కదా, అది రాజ్యాల మధ్య కూడా ఉంటుంది.

దీనికి వేంగి చాళుక్యులూ చోళులూ ఇచ్చినంత గొప్ప నమూనా ఇంకోటి దొరకదు. రాజరాజ చోళుడి కూతురు కుందవ్వని వేంగి విమలాదిత్యుడికి ఇచ్చారు. వాళ్ళ కొడుకే మన రాజరాజ నరేంద్రుడు, నన్నయ చేత భారతం మొదలుపెట్టించిన ఆయన, 1022లో పట్టాభిషేకం. ఆయన చేసుకున్నది అమ్మంగదేవిని, ఆమె రాజేంద్ర చోళుడి కూతురు, అంటే సాక్షాత్తూ మేనమామ కూతురు. వీళ్ళ కొడుకు మళ్ళీ తన మేనమామ రెండో రాజేంద్ర చోళుడి కూతురు మధురాంతకిని చేసుకున్నాడు. అతనే 1070లో చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడు. మూడు తరాల ఎర్ర గీతలు గీసి చూడండి, అన్నీ తంజావూరు వైపు నుంచి వేంగికే వస్తాయి, చివర్లో వేంగి బిడ్డ వెళ్ళి చోళ గద్దె మీద కూర్చుంటాడు. పిల్లనిస్తూ పోయిన ఇంటికి చివరికి ఆ కూతుళ్ళ బిడ్డే రాజయ్యాడు.

ఇంకో సంగతి, ఆ గీతల పక్కన సవతుల్ని కూడా గీయాలి. రాజరాజ నరేంద్రుడికి సవతి తమ్ముడు సప్తమ విజయాదిత్యుడితో గద్దె కోసం ఏళ్ళ తరబడి పోరు నడిచింది, మేనమామ బలం లేకపోతే నిలబడేవాడా అన్నది ఆలోచించాల్సిన విషయం. మీ కథలో రాజుకి ఇద్దరు రాణులుంటే, ఒక్కో రాణి వెనక ఏ సైన్యం ఉందో రాసుకోండి.

గీత అయ్యాక ఎక్సెల్ షీట్ ఒకటి పెట్టుకోండి: పుట్టింటి పేరు, అత్తింట్లో పిలిచే పేరు, పుట్టిన ఏడు, పెళ్ళి ఏడు, బిడ్డలు పుట్టిన ఏళ్ళు, పోయిన ఏడు, ఎవరింట్లో పుట్టారు. వయసులు తప్పకుండా లెక్క కట్టండి. నేను రాసిన మొదటి కథలో ఒకావిడ తన మేనకోడలి కంటే నాలుగేళ్ళు చిన్నదైపోయింది, అది అసాధ్యమేం కాదు, మన ఇళ్ళలో అలా చాలామంది ఉంటారు, కానీ నేను కావాలని పెట్టలేదు, దాన్ని సరిచేయడానికి ఐదు అధ్యాయాలు తిరగరాయాల్సి వచ్చింది.

ఏం ఇచ్చి ఏం పుచ్చుకున్నారు

పెళ్ళి మాటలు అనుకునే సీన్ దాటవేయకండి. బంగారం, ఏనుగులు అని రాసి ఊరుకుంటే సరిపోదు. అరణంగా, అంటే పెళ్ళికూతురి వెంట ఇచ్చే కానుకగా, ఏ ఊళ్ళిచ్చారు, ఆ ఊళ్ళ పన్ను ఎవరు వసూలు చేస్తారు, అమ్మాయి బిడ్డలు లేకుండా పోతే ఆ ఊళ్ళు వెనక్కి వస్తాయా, రేవు సుంకంలో వాటా ఉందా, కొండదారి కనుమ ఎవరి కాపలాలో ఉంటుంది. తర్వాత కథలో వచ్చే గొడవలన్నీ ఈ సీన్‌లోంచే పుట్టాలి.

గెలిచినవాడే పుచ్చుకుంటాడనీ అనుకోకండి. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు గజపతుల నుంచి గెలుచుకున్నాడు, సింహాచలం దాకా వచ్చాడు, పొట్నూరులో జయస్తంభం నాటించాడు. చివరికి ప్రతాపరుద్ర గజపతి కూతుర్ని పెళ్ళి చేసుకుని, కృష్ణకి ఉత్తరాన గెలిచిన నేలంతా మామగారికి తిరిగి ఇచ్చేశాడు. గెలిచినవాడు ఎందుకు తిరిగిచ్చాడు అన్న ప్రశ్న మీ కథలో ఎవరో ఒకరు, బహుశా ఆ యుద్ధంలో కొడుకుని పోగొట్టుకున్న సేనాని ఒకడు, సభలో లేచి అడగాలి.

ఆ రాకుమారి పేరు చూడండి. ఒకచోట జగన్మోహిని, ఒకచోట అన్నపూర్ణ, ఒకచోట తుక్కాదేవి. తుక్కా పేరు మీద ఐదు సంస్కృత శ్లోకాలు కూడా ప్రచారంలో ఉన్నాయి, భర్త ఆదరణకి దూరమైన ఆడమనిషి గోడుగా వాటిని చెప్పుకుంటారు. రాజ్యం దాటిన ఆడపిల్లకి ఇలా పేర్లు మారిపోవడం చాలా సహజం. నీలాంబని పుట్టింట్లో నీలా అంటారు, అత్తింటి శాసనంలో ‘రేవుకోట మహాదేవి’ అని చెక్కుతారు, అక్కడి జనం ‘తీరపు రాణి’ అంటారు. ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరైనా ఆమెని నీలా అని పిలిస్తే ఆ ఒక్క పిలుపుకే పాఠకుడి గొంతు పట్టేయాలి.

పెళ్ళికూతురి వెంట ఎవరొచ్చారు

దాది, వంటమనిషి, లెక్కలు రాసే కరణం, పురోహితుడు, ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్ళు. వీళ్ళే మీ గూఢచారులు, వీళ్ళే మీ రెండో తరం పాత్రల తల్లిదండ్రులు కూడా. రాణి దాది కొడుకు యువరాజుతో కలిసి పెరుగుతాడు, భాష రెండువైపులా వస్తుంది, యుద్ధం వస్తే ఎవరి మనిషో అతనికే తెలియదు.

వంటిల్లు, పండగలు మర్చిపోకండి. మా వైపు ఒడియా కోడలు వచ్చిన తెలుగు ఇళ్ళలో వేసవి రాగానే పఖాళకీ చద్దన్నానికీ పెద్ద తేడా లేదని అత్తగారు అంటారు, ఉందని కోడలు అంటుంది. జూన్‌లో రజో పండగ మూడు రోజులూ ఆడపిల్లలు పని ముట్టుకోరు, కొత్త బట్టలు కట్టి ఉయ్యాలలూగుతారు. ఆ పండగే లేని అత్తింట్లో ఆ మూడు రోజులు ఆ అమ్మాయికి ఎలా గడుస్తాయో ఊహించండి. కొండసీమ కోటలో నీలాంబ తన సీమ పండగ రోజున ఎవరికీ చెప్పకుండా ఏం చేస్తుంది? అది రాస్తే చాలు, పరాయి రాజ్యం అన్న మాట రాయక్కర్లేదు.

పురుడు ఎక్కడ పోస్తారు

దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి, ఎందుకంటే ఇది మన ఇళ్ళలో ఉన్న ఆచారం, ఫాంటసీలో ఎవరూ వాడుకోరు. తొలి కాన్పు పుట్టింట్లో. అంటే కొండసీమ వారసుడు తీరసీమ నేల మీద, రేవుకోట గోడల మధ్య పుడతాడు! ఏడో నెలలో పల్లకి బయల్దేరాలి, దారి ఎన్నాళ్ళు, వెంట ఎంతమంది, ఆ సమయంలో రెండు రాజ్యాల మధ్య మాట పట్టింపు వస్తే ఆ గర్భిణి ఎవరి చేతిలో ఉన్నట్టు? పులికొండ మంత్రులు పంపవద్దంటారు, పంపకపోతే పుట్టింటికి అవమానం, పంపితే వారసుడు తాకట్టు. మగబిడ్డ పుట్టాడన్న కబురు అత్తింటికి చేరడానికి ఎనిమిది రోజులు పడితే, ఆ ఎనిమిది రోజుల్లో రాజు పోతే? గుర్రాల దూరాలు మీ షీట్‌లో రాసుకోవాలని చెప్పేది ఇందుకే.

పుట్టాక మేనమామ వస్తాడు. మనకి మేనమామ లేకుండా ఏ శుభకార్యం జరుగుతుంది? చెవులు కుట్టించేటప్పుడు ఆయన ఒళ్ళోనే కూర్చోబెడతారు, ఆడపిల్లయితే పెళ్ళినాడు బుట్టలో మోసుకొచ్చేదీ ఆయనే. అదే మేనమామ ఏడాది క్రితం మీ సరిహద్దు కోట తగలబెట్టి ఉంటే పెళ్ళిపందిట్లో ఆ బుట్ట ఎవరు మోస్తారు? నీలాంబ కూతురి పెళ్ళి రాసేటప్పుడు ఖాళీ బుట్టతోనే మొదలుపెట్టండి.

గద్దె ఎవరిది

ఒక్కో రాజ్యానికీ వారసత్వం నియమం ముందే ఒక వాక్యంలో రాసిపెట్టుకోండి, తర్వాత కథ కోసం మార్చకండి. కొడుకుకేనా, కూతురి కొడుక్కి హక్కుందా, దత్తత చెల్లుతుందా, ఇల్లరికం అల్లుడి స్థానం ఏమిటి. కాకతీయుల్లో రుద్రమదేవిని నిడదవోలు చాళుక్య వీరభద్రుడికి ఇచ్చారు, గద్దె మీద కూర్చున్నది మాత్రం ఆమే, ఆయన కాదు. ఆమె తర్వాత వచ్చింది కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు. రాణి భర్త, రాజు కాదు, అలాంటి మనిషి రోజూ సభలో ఎక్కడ కూర్చుంటాడో రాసినవాళ్ళు తక్కువ.

మాకు దగ్గర్లో వంశధార ఒడ్డున ముఖలింగం ఉంది, తూర్పు గంగుల రాజధాని కళింగనగరం అదే. ఇక్కడ పట్టం కట్టుకున్న అనంతవర్మ చోడగంగదేవుడి పేరులోనే చుట్టరికం ఉంది: తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు, తండ్రి గంగవంశం, బిడ్డ చోడగంగ. 1078లో గద్దెనెక్కి పూరీ జగన్నాథాలయం కట్టడం మొదలుపెట్టిన రాజు ఆయనే. మీ కథలో కూడా రెండు వంశాల పేర్లు కలిసిన బిడ్డ ఒకడుంటే, ఆ పేరు పెట్టడానికి నామకరణం నాడు ఎంత గొడవ జరిగిందో రాయండి, ఏ పేరు ముందు రావాలన్నదే చాలు.

వియ్యం యుద్ధాన్ని ఆపదు

పెళ్ళయింది కాబట్టి శాంతి అని ఎవరైనా రాస్తే నాకు నమ్మబుద్ధి కాదు. చోడగంగుడి తల్లి చోళుల ఇంటి బిడ్డే, అయినా కులోత్తుంగుడి కాలంలోనే కరుణాకర తొండమానుడు చోళసేనతో కళింగం మీదికి వచ్చాడు. చుట్టరికం యుద్ధానికి కొత్త బరువు ఇస్తుంది, అంతవరకే. ఎవరి బాణానికి ఎవరు పోయారన్నది లెక్కలోకి వస్తుంది.

పెళ్ళయిన కూతురికి తండ్రి పోతే మైల మూడు రోజులే. నీలాంబ తండ్రిని ఆమె భర్త సేన చంపిందనుకోండి. ఆమె మూడు రోజులు మైల పట్టింది, నాలుగో రోజు స్నానం చేసి విజయోత్సవంలో భర్త పక్కన కూర్చోవాలి. శాస్త్రం ప్రకారం ఏ తప్పూ లేదు. ఈ సీన్‌లో ఆమె చేత ఏమీ మాట్లాడించకండి.

కుండమార్పిడి పెళ్ళి పెడితే టెన్షన్ రెట్టింపవుతుంది. మీ అమ్మాయి మా ఇంటికి, మా అమ్మాయి మీ ఇంటికి. ఒక జంట విడిపోతే రెండో జంట బాగున్నా విడదీస్తారు.

వియ్యం లేని పొరుగువాళ్ళు

ప్రతి పొరుగు ఇంటితోనూ పెళ్ళి సంబంధం పెట్టకండి. బొబ్బిలి వెలమలది, విజయనగరం పూసపాటి వారు క్షత్రియులు, ఎన్ని తరాలు పక్కపక్కన ఉన్నా పిల్లనిచ్చి పుచ్చుకునే దారి లేదు. 1757లో బొబ్బిలి కోట కాలినప్పుడు మధ్యలో నిలబడి ఆగమని చెప్పే ఆడపడుచు ఏ ఇంటికీ లేదు. పెళ్ళి లేకపోవడం కూడా కథే.

గీత జరపండి

పెళ్ళిళ్ళన్నీ అయ్యాక సరిహద్దు మార్చి చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు అంతవరకు మద్రాసు రాష్ట్రం గంజాం జిల్లాలో ఉన్న పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటే ఉండిపోయింది. మా నాయనమ్మ పుట్టిల్లు పాతపట్నం. ఆవిడ అత్తారింటికి వచ్చినప్పుడు అది ఏరవతల ఊరు, తర్వాత వేరే రాష్ట్రం. ఆవిడ కదల్లేదు, గీతే కదిలింది. మీ కథలో రెండు రాజ్యాల వైపూ చుట్టాలున్న చిన్న జమీందారు ఇల్లు ఒకటి సరిహద్దు మీద పెట్టి, ఆ గీతని ఒక్కసారి జరపండి.

ఆఖరి పరీక్ష

రాసింది నిలబడుతుందా లేదా తెలుసుకోవడానికి నేను చేసేది ఒకటే. రెండు ఇళ్ళవాళ్ళనీ ఒక పెళ్ళి విందులో పంక్తిలో కూర్చోబెడతాను. ఎవరి పక్కన ఎవరు, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు, ఎవరు ‘మీరు’ అంటారు, ఎవరు ‘నువ్వు’ అంటారు, ఎవరికి ముందు వడ్డిస్తారు, ఒక పేజీ మాటలు మాత్రమే రాస్తాను, పేర్లు రాయకుండా. పిలుపుల్ని బట్టి ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతే పట్టిక కుదిరినట్టు. నీలాంబ అన్న విస్తరి ముందు కూర్చుని, ఇప్పటి పులికొండ యువరాజుని, అంటే నీలాంబ కొడుకుని, “అల్లుడూ” అని పిలిచి, ఆ కుర్రాడు “మామా” అని బదులు పలికితే, ఆ రెండు మాటల అర్థం ఒక్కో రాజ్యంలో ఒక్కోలా ఉందని పంక్తిలో వడ్డిస్తున్న నీలాంబకి తెలిసి చెయ్యి ఆగితే, అక్కడినుంచి కథ రాయడం మొదలుపెట్టవచ్చు.